ముప్పైల్లో మూత్రాశయ క్యాన్సర్: ‘వేడి చేసింది’ అనుకునే చోటే ఆలస్యం

నెల్లూరు ఎండల్లో, ఒంగోలు ఉక్కపోతలో మూత్రం ఎర్రగా వస్తే ఎవరికీ క్యాన్సర్ గుర్తుకు రాదు. రోహిణి కార్తెకు రోళ్లే పగులుతాయంటారు, ఇక మనిషికి వేడి చేయడంలో వింతేముంది? బార్లీ నీళ్లు, సబ్జా గింజలు, రెండు కొబ్బరి బోండాలు. ఊళ్లో ఆర్ఎంపీ దగ్గరికి వెళ్తే ఐదు రోజుల యాంటీబయాటిక్. రెండో రోజుకే మూత్రం మామూలు రంగుకు వచ్చేస్తుంది, ఇంట్లో అందరి టెన్షన్ తీరిపోతుంది. వచ్చింది ముప్పై రెండేళ్ల కుర్రాడికైతే ఆ తర్వాత దాని గురించి మాట్లాడేవాళ్లే ఉండరు.

చిక్కంతా ఆ తగ్గడంలోనే ఉంది. మూత్రాశయంలో కణితి ఉంటే అది రోజూ రక్తం కార్చదు. ఒకరోజు కారుస్తుంది, దానంతటదే ఆగిపోతుంది. మళ్లీ వారాల తర్వాతో, నెలల తర్వాతో కనిపిస్తుంది. ఆగిన సమయానికి ఏ మందు వాడుతుంటే ఆ మందుకు పేరొస్తుంది. బార్లీ నీళ్లు తాగుతుంటే బార్లీ నీళ్లకు, మాత్ర వేసుకుంటుంటే మాత్రకు. రెండోసారి వచ్చినప్పుడు ‘పోయినసారి దీంతోనే తగ్గిందిగా’ అని అదే మందు మళ్లీ తెస్తారు. ఇలా ఆరు నెలలో ఏడాదో గడిచిపోవడానికి ఎవరి నిర్లక్ష్యమూ అక్కర్లేదు. అందరూ తమకు తోచిన మంచే చేస్తుంటారు.

ఈ జబ్బు చిన్న వయసువాళ్లకు అరుదు. అమెరికా లెక్కల్లో పదిమంది రోగుల్లో తొమ్మిదిమంది 55 ఏళ్లు దాటినవాళ్లే, బయటపడే సగటు వయసు 73. నలభై లోపువాళ్లు చాలా తక్కువమంది. వాళ్లలో కూడా ఎక్కువమందికి పై పొరకే పరిమితమైన, నెమ్మదిగా పెరిగే రకమే కనిపిస్తుంది. అంటే ముప్పైల్లో ఈ క్యాన్సర్ వచ్చిందంటే ప్రాణం మీదికి వచ్చినట్టేనని అనుకోనక్కర్లేదు. కానీ వయసు చూసి ‘నీకెందుకుంటుంది’ అని పరీక్ష వాయిదా వేసినప్పుడు, ఆ కొద్దిమందిలో లోతుకు దిగే రకం ఉన్నవాళ్లు నష్టపోతారు. వైద్య మార్గదర్శకాలు కూడా ఈ విషయంలో ఒక్క మాట మీద లేవు. బ్రిటన్‌లో కారణం తెలియకుండా మూత్రంలో రక్తం కనిపిస్తే అత్యవసరంగా నిపుణుల దగ్గరికి పంపే నియమం 45 ఏళ్లు నిండినవాళ్లకు పెట్టారు. అమెరికా యూరాలజిస్టుల మార్గదర్శకాలు మాత్రం కంటికి కనిపించే రక్తం వస్తే వయసుతో పని లేకుండా లోపల కెమెరాతో చూడాలంటాయి. ఇందులో రెండోదే మనకు ఆదర్శం కావాలని నా గట్టి అభిప్రాయం. ఎందుకంటే మన దగ్గర పెద్ద ఆసుపత్రి దాకా రావడానికే ఇప్పటికే చాలా కాలం పోతోంది.

రాయి, ఇన్ఫెక్షన్, ఇంకోటి

చిన్న వయసులో మూత్రం ఎర్రబడితే ఎక్కువసార్లు అది ఇన్ఫెక్షనో, రాయో అయి ఉంటుందన్నది నిజమే. రాయి నొప్పి దాచుకుంటే దాగేది కాదు. వీపు పక్క నుంచి గజ్జల్లోకి అలలు అలలుగా దిగుతుంది, మనిషిని ఒక చోట కూర్చోనివ్వదు. ఇన్ఫెక్షన్‌లో మంట ఉంటుంది, మాటిమాటికీ వస్తుంది, జ్వరం ఉండొచ్చు, కల్చర్ పరీక్షలో క్రిమి పెరుగుతుంది. కణితి నుంచి వచ్చే రక్తానికి మామూలుగా నొప్పి ఉండదు. ధార మొత్తం ఎర్రగానో, టీ డికాషన్ రంగులోనో వస్తుంది, ఒక్కోసారి చిన్న చిన్న గడ్డలు పడతాయి. నొప్పి లేదు కాబట్టి భయపడనక్కర్లేదని జనం అనుకుంటారు. నిజానికి నొప్పి లేని రక్తానికే ఎక్కువ జాగ్రత్త పడాలి.

ఇక్కడే ఇంకో మెలిక ఉంది. మూత్రాశయం లోపలి పొరలో చదునుగా పాకే ఒక రకం ఉంటుంది. రిపోర్టుల్లో దాన్ని సీఐఎస్ అని, కార్సినోమా ఇన్ సైటూ అని రాస్తారు. దానికి గడ్డలాంటి ఆకారం ఉండదు. మంట, ఆపుకోలేకపోవడం, మాటిమాటికీ వెళ్లడం లాంటి ఇన్ఫెక్షన్ లక్షణాలే చూపిస్తుంది. అందుకే నేను చెప్పగలిగిన సులువైన గుర్తు ఇది: కల్చర్‌లో క్రిమి కనిపించకుండా మంట ఉంటే, యాంటీబయాటిక్ కోర్సు పూర్తయ్యాక కూడా మూత్ర పరీక్షలో రక్తకణాలు మిగిలితే, స్కానింగ్‌లో రాయి లేకుండానే ఎర్రగా వస్తే, ఇక ఊళ్లో మందులు చాలు. యూరాలజిస్టు దగ్గరికి వెళ్లాలి. బీట్‌రూట్ తిన్నా, టీబీకి వాడే రిఫాంపిసిన్ మాత్ర వేసుకున్నా మూత్రం రంగు మారుతుంది, కానీ పరీక్ష చేస్తే అందులో రక్తకణాలు ఉండవు. కాబట్టి ఊహించుకోవడం కంటే మూత్రం పరీక్ష చేయించడం తేలిక.

ఆడవాళ్లలో ఈ జబ్బు మగవాళ్లలో కంటే మూడు, నాలుగు రెట్లు తక్కువ. కానీ వాళ్ల విషయంలో ఆలస్యం మరీ ఎక్కువ. నెలసరి రక్తమేమో అనుకుంటారు, గర్భసంచి సమస్యేమో అనుకుంటారు, పదే పదే యూరిన్ ఇన్ఫెక్షన్ అని మందులు మింగుతారు. అత్తగారింట్లో ఈ మాట ఎవరికి చెప్పాలో తెలియక ఊరుకునేవాళ్లూ ఉంటారు. నెలసరి లేని రోజుల్లో మూత్రం ఎర్రగా వస్తే ఫోన్‌లో ఒక ఫొటో తీసి, తేదీ రాసి పెట్టుకోవడం మంచిది. డాక్టరు ముందు సిగ్గుపడి వివరించలేని విషయాన్ని ఆ ఫొటో చెప్పేస్తుంది.

ఎందుకొస్తుంది, ఎందుకు రాదు

టంగుటూరు, కొండపి, వెల్లంపల్లి, కందుకూరు, డీసీ పల్లి, కలిగిరి. ఈ పేర్లు చదవగానే మనకు పొగాకు వేలం కేంద్రాలు గుర్తొస్తాయి. పొగాకు మీద బతికిన ప్రాంతం కాబట్టి ‘ఆకు ముట్టుకున్నందుకే వచ్చిందా’ అని అడిగే కుటుంబాలుంటాయి. మూత్రాశయ క్యాన్సర్‌తో గట్టిగా రుజువైన సంబంధం పొగ తాగడానిది. సిగరెట్, బీడీ, చుట్ట ఏదైనా సరే, కాలినప్పుడు అరోమాటిక్ అమైన్లు అనే రసాయనాలు పుడతాయి. అవి ఊపిరితిత్తుల నుంచి రక్తంలోకి, రక్తం నుంచి కిడ్నీల ద్వారా మూత్రంలోకి చేరతాయి. ఆ మూత్రం మూత్రాశయంలో గంటల తరబడి నిలవ ఉంటుంది. లోపలి పొర ఏళ్ల తరబడి ఆ రసాయనాల్లో నానుతూనే ఉంటుంది. పొగ ఊపిరితిత్తులకే ప్రమాదం అనుకునేవాళ్లకు ఈ దారి తెలియదు. పొగ తాగేవాళ్లకు ఈ క్యాన్సర్ ముప్పు కనీసం మూడు రెట్లు ఎక్కువ, మొత్తం కేసుల్లో దాదాపు సగానికి అదే కారణం. పచ్చాకు కోసే కూలీలకు నికోటిన్ చర్మం ద్వారా ఎక్కి వాంతులు, తల తిరగడం వస్తాయి. అది వేరే బాధ, దీంతో కలపకూడదు.

అమైన్ల సంగతి మొదట పట్టుబడింది రంగుల ఫ్యాక్టరీల్లో. 1895లో జర్మన్ సర్జన్ లుడ్విగ్ రేన్, అనిలిన్ రంగుల పరిశ్రమలో పనిచేసేవాళ్లకు మూత్రాశయంలో గడ్డలు వస్తున్నాయని చెప్పాడు. రంగులు, రబ్బరు, తోలు పరిశ్రమల్లో చేసినవాళ్లకు, ఏళ్ల తరబడి పెయింటింగ్ పని చేసేవాళ్లకు ముప్పు ఎక్కువని తర్వాతి పరిశోధనలు తేల్చాయి. ఇరవై ఏళ్లకే పెయింటింగ్ పనిలోకి దిగి, పక్కన బీడీ కూడా అలవాటైన కుర్రాడు నలభైలోపే రెండు రకాల ముప్పు మోస్తుంటాడు. డాక్టరు ‘ఏం పని చేస్తావు’ అని అడగకపోయినా మీరే చెప్పండి.

కనిగిరి, పొదిలి వైపు వాళ్లు ఇంకో ప్రశ్న అడుగుతారు: ‘మా నీళ్లలో ఫ్లోరైడ్ ఉంది, దానివల్లా?’ ఆ నీళ్లు పళ్లనీ ఎముకల్నీ పాడుచేసిన సంగతి అందరికీ తెలుసు. కానీ తాగేనీటి ద్వారా మూత్రాశయ క్యాన్సర్ తెస్తుందని రుజువైంది ఆర్సెనిక్. మన దేశంలో ఆ సమస్యకు పేరుపడింది పశ్చిమ బెంగాల్ వైపు. ఫ్లోరైడ్ విషయంలో అలాంటి రుజువు లేదు. అయినా పడమటి మండలాల్లో కిడ్నీ జబ్బులున్నవాళ్లకు చికిత్స దగ్గర ఒక ఇబ్బంది ఉంది, ఆ సంగతి కీమో దగ్గర చెబుతాను.

షుగర్ మాత్రల్లో పియోగ్లిటాజోన్ మీద కూడా మూత్రాశయ క్యాన్సర్ తెస్తుందేమోనన్న అనుమానం ఉంది. 2013 జూన్‌లో కేంద్రం దాన్ని ఆపేసి, జులై చివర్లో హెచ్చరిక ముద్రించాలనే షరతుతో మళ్లీ అనుమతించింది. ఆ మాత్ర వాడుతున్నవాళ్లు సొంతంగా మానెయ్యకండి, మూత్రం ఎర్రగా వస్తే మాత్రం ఆ సంగతి డాక్టరుకు చెప్పండి.

చిన్న వయసులో వచ్చినప్పుడు అడగాల్సిన ఇంకో ప్రశ్న కుటుంబం గురించి. ఇంట్లో ఇద్దరు ముగ్గురికి పెద్దపేగు క్యాన్సరో, గర్భసంచి క్యాన్సరో చిన్న వయసులో వచ్చి ఉంటే లించ్ సిండ్రోమ్ అనే వంశపారంపర్య లోపం ఉందేమో చూడాలి. అది కిడ్నీ నుంచి మూత్రాశయానికి వచ్చే నాళంలో, మూత్రాశయంలో కూడా క్యాన్సర్ తేగలదు. అలా తేలితే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు కూడా పరీక్ష చేయించుకోవాలి. వీటిలో ఏదీ లేకుండా, పొగ వాసనే ఎరగకుండా వచ్చినవాళ్లూ ఉన్నారు. ‘నేనేం తప్పు చేశాను’ అని వాళ్లు తమను తాము తవ్వుకోవాల్సిన పని లేదు.

స్కానింగ్ నార్మల్ వచ్చిందంటే?

మన దగ్గర మొదట చేసేది అల్ట్రాసౌండ్ స్కానింగ్. మంచి పరీక్షే, మూత్రాశయం నిండుగా ఉన్నప్పుడు చేస్తే ఓ మాదిరి గడ్డలు కనిపిస్తాయి. కానీ చిన్నవి తప్పిపోతాయి, చదునుగా పాకే సీఐఎస్ అసలే కనిపించదు. మూత్రంలో క్యాన్సర్ కణాలు వెతికే సైటాలజీ పరీక్ష కూడా నెమ్మది రకం కణితుల్ని సరిగా పట్టుకోలేదు. అందుకే స్కానింగ్ నార్మల్ అన్న కాగితం చేతికి రాగానే కథ ముగిసిందనుకోకూడదు. తేల్చి చెప్పేది సిస్టోస్కోపీ.

ఆ పేరు వినగానే మగవాళ్లు వెనక్కి తగ్గుతారు. మూత్రం వచ్చే దారి గుండా సన్నటి కెమెరా గొట్టం లోపలికి పంపుతారు. ముందు మత్తు జెల్లీ పెడతారు. వంగే గొట్టమైతే ఇబ్బంది తక్కువ, పని కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. తర్వాత ఒకటి రెండు రోజులు మంట, కాస్త ఎరుపు ఉండొచ్చు. వంగని గొట్టమైతే వెన్నులో మత్తు ఇచ్చి చేసే చోట్లూ ఉన్నాయి. ఏ గొట్టంతో చేస్తారో ముందే అడగడంలో తప్పేం లేదు. పైన కిడ్నీలను, నాళాలను చూడటానికి సీటీ యూరోగ్రామ్ చేస్తారు.

కణితి కనిపిస్తే టీయూఆర్‌బీటీ చేస్తారు. పొట్ట కోయకుండా అదే దారిలో పరికరం పంపి గడ్డను గీకి తీస్తారు, దీన్నే పొట్టిగా టీయూఆర్ అంటారు. ఇది వైద్యమూ అవుతుంది, పరీక్షా అవుతుంది. తీసిన ముక్కలు ల్యాబుకు వెళ్లి, వారం పది రోజుల్లో ఒక కాగితం వస్తుంది. ఈ జబ్బులో అన్నిటికంటే విలువైన కాగితం అదే.

మూత్రాశయం గోడను ఇంటి గోడలాగా ఊహించుకోండి. లోపల రంగు పూత, దాని వెనక ప్లాస్టరింగ్, ఆ వెనక ఇటుక. కణితి రంగు పూతలోనే ఉంటే టీఏ అంటారు, ప్లాస్టరింగ్‌లోకి దిగితే టీ1, ఇటుకలోకి, అంటే కండరంలోకి దిగితే టీ2. టీ2 నుంచి చికిత్స దారి పూర్తిగా మారిపోతుంది. దాంతోపాటు గ్రేడ్ ఉంటుంది: లో గ్రేడ్ అంటే నెమ్మది రకం, హై గ్రేడ్ అంటే దూకుడు రకం. రోగులు చాలామంది ‘స్టేజ్ ఎంత’ అని ఒక్కటే అడుగుతారు. లోతు, గ్రేడ్ రెండూ తెలిస్తేనే బొమ్మ పూర్తవుతుంది.

ఆ కాగితంలో మీ కంటితో మీరే వెతకాల్సిన లైను ఇంకొకటి ఉంది: డెట్రూసర్ మజిల్ ప్రెజెంట్ అని ఉందా, అబ్సెంట్ అని ఉందా. డెట్రూసర్ అంటే ఆ ఇటుక పొర. ల్యాబుకు వెళ్లిన ముక్కల్లో కండరం లేకపోతే, కణితి కండరంలోకి దిగిందో లేదో ఆ ల్యాబు చెప్పలేదు. ‘దిగలేదు’ అని రాయడానికీ ‘చూడటానికి కండరమే లేదు’ అని రాయడానికీ చాలా తేడా ఉంది. హై గ్రేడ్ వచ్చి కండరం లేకపోయినా, టీ1 అని వచ్చినా, గడ్డ పూర్తిగా తీయలేకపోయినా రెండు నుంచి ఆరు వారాల్లో మళ్లీ ఒకసారి టీయూఆర్ చేస్తారు. మొదటిసారి సరిగా చేయలేదేమోనని కుటుంబాలు కోపపడతాయి. కానీ ఇలా రెండోసారి చేయడం నియమం ప్రకారం జరిగే పనే, వద్దని వెళ్లిపోకండి.

పై పొరలో ఉన్నప్పుడు

కొత్తగా బయటపడే కేసుల్లో నాలుగింట మూడొంతులు కండరంలోకి దిగనివే. చిన్న వయసువాళ్లలో ఈ వాటా ఇంకా ఎక్కువ. చిన్నదై, ఒక్కటే అయి, టీఏ లో గ్రేడ్ అయితే టీయూఆర్ అయిన 24 గంటల్లోపు మైటోమైసిన్ లాంటి మందు ఒక డోసు మూత్రాశయంలోకి ఎక్కించి వదిలేస్తారు. ఇది రక్తంలోకి ఇచ్చే కీమో కాదు, జుట్టు ఊడదు. ఈ రకం కణితితో ప్రాణానికి ముప్పు చాలా తక్కువ. దీని అసలు గుణం మళ్లీ మళ్లీ మొలవడం.

హై గ్రేడ్, టీ1, సీఐఎస్ అయితే బీసీజీ వాడతారు. ఔను, పుట్టిన పిల్లల భుజానికి వేసే ఆ టీబీ టీకా మందే. 1976లో కెనడాలో అల్వారో మొరాలెస్ దీన్ని మూత్రాశయంలోకి ఎక్కిస్తే కణితులు తిరిగి రావడం తగ్గుతోందని చూపించాడు. 1990లో అమెరికాలో అనుమతి వచ్చింది. బతికున్న, బలహీనపరచిన ఆ క్రిముల్ని చూసి మూత్రాశయం గోడలో రోగనిరోధక శక్తి లేచి, క్యాన్సర్ కణాల మీద కూడా పడుతుంది. ‘మావాడికి టీబీ ఎక్కిస్తున్నారు’ అని ఇంట్లో భయపడేవాళ్లకు ఈ మాట ముందే చెప్పడం మంచిది.

టీయూఆర్ గాయం మానడానికి కనీసం రెండు వారాలు ఆగి, వారానికొకటి చొప్పున ఆరు డోసులు ఇస్తారు. ఆ తర్వాత 3, 6, 12 నెలలకు మూడేసి వారాలు, ముప్పు ఎక్కువైతే ఇలా మూడేళ్ల దాకా. మొదటి ఆరూ అయిపోగానే బాగానే ఉన్నానని మానేసేవాళ్లుంటారు. మూడేళ్ల లాభం మిగతా డోసుల్లోనే ఉంది.

ఆ రోజు ఎలా గడుస్తుందో చెబుతాను. ఉదయం నుంచి నీళ్లు, కాఫీ టీలు తగ్గించమంటారు. సన్నటి గొట్టంతో మందు లోపలికి పంపి, గొట్టం తీసేసి, రెండు గంటలు మూత్రం ఆపుకోమంటారు. కొన్ని చోట్ల వెల్లకిలా, బోర్లా, పక్కలకు తిరుగుతూ పడుకోమంటారు. తర్వాత మగవాళ్లయినా కూర్చునే పోయాలి, చిందకూడదు. ఆరు గంటల పాటు ప్రతిసారీ టాయిలెట్‌లో బ్లీచింగ్ ద్రావణం పోసి, పావుగంట ఉంచి, నీళ్లు వదలాలి. ఎందుకంటే బయటికి వచ్చేది బతికున్న క్రిములు. ఉదయగిరి నుంచో కనిగిరి నుంచో బస్సులో వచ్చినవాళ్లు మందు ఎక్కించగానే బస్టాండుకు పరిగెత్తకూడదు. రెండు గంటలూ ఆసుపత్రిలోనే ఉండి, అక్కడే పోసి, వీలైతే ఆ పూట టౌన్‌లో చుట్టాలింట్లో ఆగిపోవడం మేలు.

మంట, మాటిమాటికీ రావడం, ఒకరోజు నలత మామూలే. 101 డిగ్రీలు దాటిన జ్వరం ఒక రోజు గడిచినా తగ్గకపోతే, చలితో వణుకు వస్తే వెంటనే వెళ్లాలి. ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా ‘నాకు మూత్రాశయంలో బీసీజీ ఎక్కించారు’ అనే మాటే మొదట చెప్పాలి. ఆ మాట తెలియకపోతే వైరల్ జ్వరమని మందులిస్తారు, నిజంగా బీసీజీ ఒంట్లోకి పాకి ఉంటే దానికి టీబీ మందులు కావాలి. మూత్రంలో రక్తం కనిపిస్తున్న రోజున, ఇన్ఫెక్షన్ ఉన్న రోజున డోసు వాయిదా వేస్తారు. అడగకుండానే చెప్పేయండి.

బీసీజీ దొరకడం ప్రపంచమంతటా ఒక సమస్య. మన దేశంలో తయారవుతున్నా కొరత వచ్చిన సందర్భాలున్నాయి. అప్పుడు జెమ్‌సిటాబిన్, డోసెటాక్సెల్ మందుల్ని ఒకదాని తర్వాత ఒకటి మూత్రాశయంలోకి ఎక్కించే పద్ధతి వాడుతున్నారు. సరిపడా బీసీజీ ఇచ్చినా హై గ్రేడ్ కణితి తిరిగొస్తే మాత్రం మూత్రాశయం తీసేయడం గురించి మాట్లాడాల్సి వస్తుంది. ముప్పై ఐదేళ్లవాళ్లకు ఈ మాట చెప్పడం డాక్టరుకు, వినడం రోగికి ఎంత కష్టమో వేరే చెప్పక్కర్లేదు.

కండరంలోకి దిగితే

టీ2 నుంచి ముందు కీమో, తర్వాత ఆపరేషన్. కీమోలో ముఖ్యమైన మందు సిస్‌ప్లాటిన్. అది కిడ్నీల మీద భారం వేస్తుంది కాబట్టి కిడ్నీల పనితీరు లెక్క, అంటే జీఎఫ్ఆర్, సుమారు 60 ఉండాలంటారు. కనిగిరి వైపు కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ల ఇబ్బంది ఇదే. క్రియాటినిన్ పెరిగి ఉంటే ఈ మందు ఇవ్వలేరు. నొప్పుల మాత్రలు విచ్చలవిడిగా మింగే అలవాటున్నవాళ్లు అనుమానం వచ్చిన రోజు నుంచే అవి మానెయ్యాలి.

ఆపరేషన్‌లో మూత్రాశయాన్ని, చుట్టూ ఉన్న లింఫ్ గ్రంథుల్ని తీసి, చిన్నపేగు ముక్కతో మూత్రానికి కొత్త దారి వేస్తారు. ఒక పద్ధతిలో పేగు చివర పొట్ట మీదికి తెచ్చి సంచి తగిలిస్తారు. ఇంకో పద్ధతిలో పేగుతోనే లోపల కొత్త మూత్రాశయం కడతారు. చిన్న వయసువాళ్లు, కిడ్నీలు బాగున్నవాళ్లు రెండోదానికి తగినవాళ్లు. కానీ అది పాత మూత్రాశయంలా పనిచేయదు. నిండిందన్న కబురు రాదు, అలారం పెట్టుకుని రాత్రుళ్లు లేవాలి, పొట్ట బిగించి ఖాళీ చేయడం నేర్చుకోవాలి, కొందరు గొట్టం పెట్టుకుని తీయాల్సి వస్తుంది. పట్టు రావడానికి నెలలు పడుతుంది. పొట్ట మీద సంచి అంటే సిగ్గనిపించి కొత్త మూత్రాశయం కోరేవాళ్లున్నారు. నా మనవి ఒకటే: సిగ్గును ఒక్కటే లెక్కలోకి తీసుకుని తేల్చుకోకండి. సంచితో పొలం పని చేసుకుంటూ, బైకు నడుపుకుంటూ బతికేవాళ్లున్నారు. రెండు రకాలవాళ్లతోనూ ఒకసారి మాట్లాడించమని ఆసుపత్రిని అడగండి.

కొందరికి మూత్రాశయం ఉంచే దారి కూడా ఉంది. కణితి ఒక్కటే అయి, వీలైనంత గీకి తీయగలిగి, కిడ్నీ నాళం మూసుకుపోకుండా ఉంటే, టీయూఆర్ తర్వాత కీమో, రేడియేషన్ కలిపి ఇస్తారు. అయితే ఆ తర్వాత బతికున్నంత కాలం కెమెరా పరీక్షలు తప్పవు. ఏ దారైనా సరే, ఆలస్యం పనికిరాదు. ముందు కీమో లేకుండా నేరుగా ఆపరేషనే చేసేటప్పుడు, జబ్బు తేలాక మూడు నెలలు దాటితే ఫలితాలు దెబ్బతింటాయి. ‘పెళ్లయ్యాక చూద్దాం’, ‘మిర్చి అమ్మాక వెళ్దాం’ అనేవి ఇక్కడ కుదరవు.

గత కొన్నేళ్లలో ఇమ్యూనోథెరపీ, అంటే ఒంట్లోని రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి లేపే వైద్యం, వచ్చింది. ఆపరేషన్‌కు ముందు, తర్వాత డర్వాలుమాబ్ అనే ఇలాంటి మందు కలిపితే లాభం ఉందని 2024లో రోగుల మీద జరిగిన ఒక పెద్ద అధ్యయనం చూపింది. అదే ఏడాది జులై బడ్జెట్‌లో కేంద్రం ఆ మందు మీద కస్టమ్స్ సుంకం ఎత్తేసింది. అయినా ఖర్చు లక్షల్లోనే. ఒళ్లంతా పాకినవాళ్లలో ఎన్‌ఫోర్టుమాబ్ వెడోటిన్, పెంబ్రోలిజుమాబ్ అనే మందుల జంట పాత కీమో కంటే ఆయుష్షును దాదాపు రెట్టింపు చేసింది: సగటున 16 నెలల నుంచి 31 నెలలకు పైగా.

పిల్లల సంగతి, ముందే

డెబ్భై ఏళ్లాయనకు రాని ప్రశ్న ముప్పై ఏళ్లవాడికి వస్తుంది. మగవాళ్లలో మూత్రాశయంతోపాటు ప్రోస్టేట్, వీర్యకోశాలు కూడా తీస్తారు. ఆ తర్వాత వీర్యం బయటికి రాదు. అంగస్తంభన నరాలు దెబ్బతినే వీలుంది, వీలైతే వాటిని కాపాడే పద్ధతి ఉంది. కీమో కూడా వీర్యకణాల్ని దెబ్బతీస్తుంది. అందుకే కీమో మొదటి డోసుకు ముందే వీర్యం నిల్వ చేయించాలి. అందుకు ఒకటి రెండు రోజులు చాలు. సంతాన సాఫల్య చికిత్సల మీద వచ్చిన 2021 చట్టం ప్రకారం పదేళ్ల దాకా నిల్వ ఉంచొచ్చు. పెళ్లి కాని కుర్రాడితో ఈ మాట తండ్రి ముందు మాట్లాడరు, డాక్టరు తొందరలో మరచిపోతాడు, కుర్రాడు అడగడు. అలా జారిపోయిన అవకాశం మళ్లీ రాదు. కాబట్టి తోడు వెళ్లినవాళ్లు ఐదు నిమిషాలు బయటికి వెళ్లి, వాణ్ణి డాక్టరుతో ఒంటరిగా మాట్లాడనివ్వండి.

ఆడవాళ్లలో పాత పద్ధతిలో గర్భసంచి, అండాశయాలు, యోని ముందు గోడ కూడా తీసేవాళ్లు. ఇప్పుడు కణితి ఉన్న చోటును బట్టి వాటిని ఉంచే ప్రయత్నం చేస్తున్నారు. ఆపరేషన్ ఒప్పుకోలు కాగితం మీద సంతకం పెట్టేముందు ఏవి తీస్తారు, ఏవి ఉంచుతారు అని ఒక్కొక్కటీ పేరు పెట్టి అడగాలి. అండాలు నిల్వ చేయడానికి సుమారు రెండు వారాలు పడుతుంది, కీమో తేదీకి తగ్గట్టు అది కుదురుతుందేమో చూడాలి. పై పొర జబ్బుకు గడ్డ గీకడం వల్ల పిల్లలు పుట్టడానికి మామూలుగా అడ్డేం ఉండదు, మూత్రాశయంలోకి మందులు ఎక్కిస్తున్న కాలంలో మాత్రం గర్భం రాకుండా చూసుకోవాలి, కండోమ్ వాడాలి.

ఏళ్ల తరబడి ఫైలు

అరవైలో ఈ జబ్బు వచ్చినవాళ్లు పది పదిహేనేళ్లు కెమెరా పరీక్షలకు తిరుగుతారు. ముప్పైలో వచ్చినవాళ్లు, ఎక్కువ ముప్పు రకమైతే, నలభై ఏళ్లు తిరగాలి. తక్కువ ముప్పు రకమైతే మూడో నెలలో ఒకసారి, ఏడాది నిండాక ఒకసారి, ఆపైన ఐదేళ్ల దాకా ఏటా. ఎక్కువ ముప్పు రకమైతే రెండేళ్ల పాటు మూడు నెలలకోసారి, తర్వాత ఐదేళ్ల దాకా ఆరు నెలలకోసారి, ఆ తర్వాత ఏటా, జీవితాంతం. మన పిల్లలు ఈ మధ్యలో బెంగళూరుకో, హైదరాబాదుకో, గల్ఫుకో వెళ్తారు. ఊరు మారినప్పుడే ఫాలోఅప్ తెగిపోతుంది. మొదటి ఆపరేషన్ నోట్స్, ప్యాథాలజీ కాగితం, బీసీజీ డోసుల తేదీలు ఫోన్‌లో ఒక ఫోల్డర్‌గా పెట్టుకుంటే ఏ ఊళ్లోనైనా డాక్టరుకు పని తేలికవుతుంది. పొగ మానెయ్యడం కూడా చికిత్సలో భాగమే. క్యాన్సర్ వచ్చాక మానినా తిరిగొచ్చే ముప్పు తగ్గుతుంది.

నెల్లూరు నుంచి మూడు గంటల రైలు ప్రయాణంలో చెన్నై అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, 1954 నుంచి పనిచేస్తోంది. వేలూరు సీఎంసీ, తిరుపతి కూడా దగ్గరే. ఒంగోలు వాళ్లు గుంటూరు, విజయవాడ, హైదరాబాదు వైపు వెళ్తారు. జనం ఇప్పటికీ ఆరోగ్యశ్రీ అని పిలిచే ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఉన్నవాళ్లు చేరేముందే అక్కడి డెస్క్ దగ్గర, ఈ చికిత్సలో ఏ భాగం వస్తుందో, ఏది చేతి నుంచి పెట్టుకోవాలో అడిగి రాయించుకోండి. టీయూఆర్ ఒకచోట, బీసీజీ ఇంకోచోట చేయించుకుంటే లెక్కలు మారిపోతాయి.

రెండో అభిప్రాయానికి చెన్నై వెళ్లేవాళ్లు రిపోర్టు జిరాక్సు ఒక్కటే పట్టుకెళ్తే, అక్కడి డాక్టర్లు ముక్కల్ని మళ్లీ చూడాలంటారు, మీరు మళ్లీ వెనక్కి రావాలి. మొదట పరీక్ష చేసిన ల్యాబులో గాజు స్లయిడ్లు, మైనపు బ్లాకులు ఉంటాయి. అడిగి, రిజిస్టర్‌లో సంతకం పెట్టి తీసుకెళ్లండి. కండరం అందులో ఉందో లేదో వాళ్లు తమ కంటితో చూసి చెబుతారు.